పట్టుకున్న చెయ్యి

క్యాంపు, మూతపడిన నూలుమిల్లు గెస్ట్‌హౌసు

వదినా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎందుకో కనుక్కోమని పిన్నిని పంపితే, "దాని గొంతు అచ్చం వాళ్ల అన్న గొంతే పిన్నీ, అదే విరుపు, అదే తొందర, వినలేను" అన్నావట. సరే, కాగితానికి గొంతుండదు కదా, ఇలా వచ్చాను. నా రాత కోడి కెలికినట్టుంటుందని అన్నయ్య ఏడిపించేవాడు. ఓపిగ్గా చదువుకో.

కేసు నాకిచ్చారు. పై ఆఫీసర్ మొదట ససేమిరా అన్నారు. "చచ్చిపోయింది సొంత అన్న. చంపినవాణ్ణి చెల్లెలే వెతికితే రేపు కోర్టులో ఏమంటారమ్మా?" అన్నారు. వరద పనులకే మనుషులు చాలడం లేదు. చివరికి ఆయనే ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు, నేను చెబుతాను. వాడు లిఫ్టు మెకానిక్కు. వర్క్‌షాపులో భాగస్వామిని స్పానరుతో కొట్టి చంపాడు. యావజ్జీవం పడిన రోజే వాణ్ణీ, ఇంకో ముసలి ఖైదీనీ అన్నయ్య వ్యానులో జైలుకు తీసుకెళ్తున్నాడు. ఎదురొచ్చిన లారీని తప్పించబోయి వ్యాను వంతెన పిట్టగోడ పగలగొట్టుకుని ఏట్లో పడింది. డ్రైవరు కిటికీలోంచి బయటపడి వెనక్కి తిరిగి చూశాడు. "వాడు సార్ పీక పట్టుకుని ఉన్నాడు" అని వాంగ్మూలం ఇచ్చాడు. అన్నయ్య దిగువన దొరికినప్పుడు మెడ మీద వేళ్ల గుర్తులున్నాయి. నడుముకు ఉండాల్సిన బేడీల తాళాల గుత్తి లేదు. వ్యాను ఇంకా బురదలోనే ఉంది, ముసలాయన అందులోనే. నీళ్లు తగ్గితే గాని తీయలేరు.

నిన్న వాణ్ణి దాదాపు పట్టుకున్నాం. పాత స్నేహితుడి అపార్టుమెంటులో ఉన్నాడని తెలిసి మెట్ల దగ్గర ఇద్దర్ని, గేటు దగ్గర ఇద్దర్ని పెట్టి తలుపు కొట్టాను. లోపల స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి, మనిషి లేడు. లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల లిఫ్టు లేదు. వంగి చూస్తే చీకటి గొయ్యి, ఊగుతున్న తీగ. మా కుర్ర ఎస్సై బిత్తరపోయి, "మేడం, వీడు మనిషా, బల్లా?" అన్నాడు. ఆ దెబ్బతో మా వాళ్లు వాడికి 'లిఫ్టు' అని పేరు పెట్టేశారు.

మా వాళ్లకు ఒకటే చెప్పాను. కనిపిస్తే మాటల్లేవు, కాల్చెయ్యమని. నువ్వు ధైర్యంగా ఉండు.

నీ పిడుగు

*

కళ్లద్దాల షాపు, వెనక గది

పిడుగూ,

నీ ఉత్తరం అందింది. కోడి కెలికినట్టే ఉంది. భూతద్దం పెట్టుకుని చదివాను, నా దగ్గర వాటికి కొదవలేదు కదా.

షాపు తెరిచాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. ఇక్కడైతే సానబట్టే మిషను రొదలో ఏమీ వినపడదు. వచ్చినవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఒకావిడ పవర్ పరీక్ష చేయించుకుంటూ అక్షరాలు చదవడం మానేసి నా ముఖం చూసి ఏడ్చేసింది. కింది వరస చదవండమ్మా అంటే ఇంకా ఏడ్చింది. చివరికి నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

మొన్న డ్రైవరు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "అమ్మా, నేను వెనక్కి వెళ్లుండాల్సింది. నాకు ఈత అంతంతమాత్రం" అన్నాడు. ఏం చూశావని అడిగాను. "బురద నీళ్లమ్మా. వాడి చేతులు సార్ మెడ చుట్టూ ఉన్నాయి. అంతే చూశా. ఆ తర్వాత నీళ్లు మింగేశాను" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. బతికి వచ్చినవాడి మీద కోపం తెచ్చుకుంటే ఏమొస్తుంది?

వాడి మీద మాత్రం ఉంది. పేపర్లో ఫోటో చూశాను. దళసరి కళ్లద్దాలు, మెతక ముఖం. బస్సులో పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చే మనిషిలా ఉన్నాడు. అదే నాకు భయం వేసింది. వాణ్ణి కాల్చాలో, కట్టేసి తేవాలో నీ ఇష్టం. కానీ ఒక్కసారి నా ముందు నిలబెట్టు. మా ఆయన నీకేం చేశాడురా అని అడగాలి.

మీ అన్నయ్య చొక్కాలు ఇస్త్రీవాడు తెచ్చి ఇచ్చాడు. ఎక్కడ పెట్టాలో తెలియక షాపులోనే బల్ల మీద ఉంచాను.

వేళకు తిను. తలుపులు నువ్వే ముందు తన్నకు, మగపిల్లలున్నారుగా, తన్ననీ.

మీ వదిన

*

క్యాంపు, గూడ్స్ యార్డు పక్కన రైల్వే క్వార్టరు

వదినా,

ఈసారి చొక్కా కాలరు నా చేతిలోకి వచ్చింది. మనిషి రాలేదు.

యార్డు ఎదురుగా టీ కొట్టాయన చెప్పాడు. "ఒకాయన వస్తున్నాడండీ. పేపరు ముక్కుకు ఆనించుకుని చదువుతాడు. టీ గ్లాసు తీసుకోమంటే గాల్లో తడుముతాడు." ఆ మాటతో నాకు దిమ్మ తిరిగింది. వాడి కళ్లద్దాలు ఏట్లో పోయాయి! ఇన్నాళ్లూ మేము వెతుకుతున్నది జానెడు దూరం మించి సరిగ్గా కనపడని మనిషిని. అలాంటివాడు మా పదిమంది కళ్లు కప్పి తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం వ్యాగన్ల మధ్య వాడు ఎదురుపడ్డాడు. నేను అరిచాను. వాడు నా వైపు చూడలేదు, నా గొంతు వైపు తల తిప్పాడు. తిప్పి ఒక్క క్షణం అలా ఉండిపోయాడు వదినా, తెలిసిన గొంతు విన్నట్టు. ఆ తర్వాత పరుగు. నిచ్చెన తడుముకుని వ్యాగన్ ఎక్కాడు. నేనూ ఎక్కాను. రెండో వ్యాగన్ మీదికి దూకబోయి సందు అంచనా తప్పి కంకర మీద బోర్లా పడ్డాడు. నేను దూకి కాలరు పట్టుకున్నాను. చొక్కా చిరిగింది. పక్క పట్టాల మీద గూడ్సు కదులుతోంది. వాడు దాని చక్రాల మధ్యనుంచి అవతలికి దొర్లాడు. నిజంగా దొర్లాడు! నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అవతల ఎవరూ లేరు. ఎస్సై పిస్తోలు దించుతూ, "అడ్డంగా మీరున్నారు మేడం, లేకపోతే కాల్చేసేవాణ్ణి" అన్నాడు.

ఇంక ఎక్కువ రోజులు పట్టదు. ఆ చూపుతో వాడు ఎంత దూరం పోతాడు? అద్దాల కోసం రావాల్సిందే. చుట్టుపక్కల ఊళ్లలో కళ్లద్దాల షాపులన్నిటికీ వాడి ఫోటో, పవర్ పంపిస్తున్నాం. నీకూ వస్తుంది. గోడకు అంటించు. చూడు, చివరికి నీ వృత్తే వాణ్ణి పట్టిస్తుందేమో.

మోకాలు చీరుకుంది, అంతే. కంగారుపడకు.

నీ పిడుగు

*

కళ్లద్దాల షాపు

పిడుగూ,

నోటీసు వచ్చింది. అంటించాను.

మోకాలికి మందు రాసుకో. చీము పట్టనివ్వకు.

ఒక మాట అడుగుతాను. వాడు తనంతట తాను మేజిస్ట్రేటు దగ్గరికి వచ్చి లొంగిపోతే ఏమవుతుంది? అప్పుడు కూడా నీ మనుషులు కాలుస్తారా? పేపర్లో ఏవేవో రాస్తున్నారు, ఊరికే అడుగుతున్నాను.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

మీ వదిన

*

క్యాంపు

గౌరవనీయులైన వదినగారికి,

మీరు అడిగినదానికి జవాబు తర్వాత రాస్తాను. ముందు నేను అడిగేదానికి మీరు జవాబు రాయండి.

మూతపడిన ఒక హోటలు పైన, లిఫ్టు మోటారు గదిలో వాడు ఉంటున్నాడని తెలిసి వెళ్లాం. వాడు డాబా మీద నుంచి పక్క డాబా మీదికి దూకాడు. సందు బాగానే వెడల్పు. యార్డులోలా అంచనా తప్పలేదు. వెనక్కి వెళ్లి, చూసుకుని, పరుగెత్తి దూకాడు. చూసుకుని! అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. కింద పడుతూ లేస్తూ పైపు పట్టుకుని జారిపోయాడు. దూకిన చోట కళ్లద్దాలు పడి ఉన్నాయి. ఒక అద్దం బీటలు వారింది. మా ఎస్సై ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. నేనే తీశాను.

దళసరి అద్దాలు. కొత్తవి. కాడల చివర, చెవి వెనక ఒరుసుకోకుండా, మైనం రాసిన నల్లదారం చుట్టి ఉంది. దగ్గరగా, సమంగా, ముడి లోపలికి దాచి. అలా ఎవరు చుడతారో నాకు తెలుసు. మా అన్నయ్య కళ్లద్దాలకు చుట్టినదీ అదే చెయ్యి.

 "ఏమైనా దొరికిందా మేడం?" అని ఎస్సై అడిగితే లేదన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ అద్దాలు ఇప్పుడు నా చొక్కా జేబులో ఉన్నాయి. వాటిని ఆధారంగా నమోదు చేస్తే రేపు పొద్దున్నే జీపు మీ షాపు ముందు ఆగుతుంది.

తెలియక చేశారా? వాడు గడ్డం పెంచుకుని వచ్చి ఉంటే, మీరు గుర్తుపట్టలేదంటే నమ్ముతాను. నమ్మాలని ఉంది. తెలిసే చేశారా?

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే జవాబు ఇవ్వండి.

ఇన్‌స్పెక్టర్

*

కళ్లద్దాల షాపు, వెనక గది

పిడుగూ,

నన్ను 'మీరు' అన్నావు. పెళ్లయి నేను ఆ ఇంట్లోకి వచ్చిన రోజు, నువ్వు గుమ్మం పక్కన నిలబడి "నువ్వేనా మా వదినవి?" అన్నావు. మీ అమ్మ మీరు అనమంటే, ఉహుఁ, నువ్వే అన్నావు. మీరు అనడం ఇవాళే మొదలు. సరే, అనాల్సిన పనే చేశాను.

తెలిసే చేశాను.

నీ నోటీసు రాకముందే వాడు వచ్చాడు. మధ్యాహ్నం, వాన పడుతోంది, షాపులో నేనొక్కదాన్నే. తలుపు తీసుకుని లోపలికి వచ్చి బల్ల అంచు తడుముకుంటూ నిలబడ్డాడు. పవర్ పరీక్షకు వచ్చారా అని అడిగాను. "కాదండీ. సార్ గురించి ఒక మాట చెప్పి వెళ్తాను" అన్నాడు. అప్పుడు గడ్డం వెనక ఉన్న ముఖం కనబడింది. నా చేతిలో గాజు కోసే కలం ఉంది. దాన్ని వాడి కంటి ముందు పెట్టాను. వాడు కదల్లేదు. దాన్ని చూశాడో లేదో కూడా నాకు తెలియదు.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"వ్యాను మునుగుతోంది. సార్ తలకు దెబ్బ తగిలింది, రక్తం కారుతోంది. నేను దగ్గరగా ఉన్నానని ముందు నా బేడీలు విప్పారు. నీళ్లు నెత్తి దాకా వచ్చేశాయి. నాకు ఊపిరాడక ఆయన మెడ పట్టేసుకున్నాను. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, చెంప మీద ఒకటి కొట్టి, విరిగిన కిటికీలోంచి బయటికి తోశారు. పైకి వచ్చాక ఒక దుంగ చూపించారు. 'ఇది పట్టుకుని ఇక్కడే ఉండు. ముసలాయన్ని తెస్తాను, పైకి లాగడానికి నువ్వు కావాలి' అన్నారు. మళ్లీ మునిగారు. నేను దుంగ వదిలేశాను. గట్టెక్కి పరుగెత్తాను. అద్దాలు లేక వెనక్కి చూడలేదని కాదమ్మా. చూడలేదు, అంతే."

నేను నమ్మలేదు. ఎలా నమ్ముతాను? నా మొగుణ్ణి చంపి, నా షాపుకే వచ్చి కథ చెబుతున్నాడనుకున్నాను. అసలు షాపు నీకెలా తెలుసు అన్నాను. దారిలో వాడి అద్దాల మర ఊడితే, మా ఆవిడ బిగిస్తుందిలే, పంపిస్తాను అని మీ అన్నయ్య బజారు పేరు చెప్పాడట. ఇంకేం అన్నాడు అని గద్దించాను. "ముసలాయన దారంతా ఏడుస్తున్నాడండీ. సార్ వెనక్కి తిరిగి, 'ఏడవకు తాతా, ముక్కు కారుతుంది. నీ చేతులు కట్టేసి ఉన్నాయి, తుడవడానికి మళ్లీ నేనే రావాలి' అన్నారు."

పిడుగూ, అది మీ అన్నయ్య మాట. ఇంకొకడు కల్పించలేడు. చేతిలో కలం బల్ల మీద పెట్టేశాను. 

వాడు వెళ్లబోయి గాజు తలుపుకు గుద్దుకున్నాడు. ముక్కులోంచి రక్తం కారింది. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. ఎందుకని అడగకు, నాకూ తెలియదు. కళ్ల ముందు అద్దం పెట్టి కనబడుతోందా అని అడగడం నాకు అలవాటు, నోరు దానంతట అదే అడిగింది. అద్దాలు చేసి ఇచ్చాను. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఇదే మాట చెప్పమన్నాను. తలూపాడు. రోజూ పేపరు చూశాను. వెళ్లలేదు. భయపడ్డాడు. మళ్లీ పారిపోయాడు. వాడు మంచివాడని నేను అనడం లేదు.

నీకెందుకు చెప్పలేదంటే, కాల్చెయ్యమన్నావని నువ్వే రాశావు. మీ అన్నయ్య నీళ్లలోంచి తీసిన మనిషిని నువ్వు నేల మీద చంపకూడదు. అంతే నా భయం.

ఇప్పుడు ఆ అద్దాలు నమోదు చేస్తే చెయ్యి. జీపు వస్తే రానీ. షాపుకు తాళం వేసి నేనే ఎక్కుతాను.

మీ వదిన

*

ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు

వదినా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి భుజం జారింది, కట్టు కట్టారు. నీకు ఇంకెవరైనా చెప్పేలోపు నేనే చెప్పాలి.

వాడు చనిపోయాడు.

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. నమ్మలేదు. నా వదినను కూడా బుట్టలో వేశాడు కదా అని పళ్లు కొరుక్కున్నాను. కాల్చమన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి వదినా, ఎందుకంటే నేను మర్చిపోలేను.

మర్నాడే కబురొచ్చింది. ఒక ఆఫీసు భవనంలో చాలా రోజులుగా ఆగిపోయిన లిఫ్టును ఎవరో కొత్త మెకానిక్కు బాగుచేశాడట, మరలు కంటికి ఆనించుకుని చూస్తున్నాడట. పట్టపగలు, జనం భోజనాలకు దిగుతున్న వేళ. కరెంటు తీయించమని వాచ్‌మన్‌కు చెప్పి, ఎస్సైని మెట్ల మీద ఉంచి నేను పైన మోటారు గదిలోకి వెళ్లాను. వాడు నేలలో ఉన్న చిన్న తలుపు ఎత్తి లోపలికి దిగిపోయాడు. నేనూ దిగాను. పై అంతస్తులో ఆగి ఉన్న లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుకు సందులో, గోడకు ఇనుప పట్టీలున్నాయి. వాటి మీద కాళ్లు పెట్టుకుంటూ దిగుతున్నాను. వాడు నాకు కింద, చకచకా దిగిపోతున్నాడు. ఆ సొరంగంలో వాడికి కళ్లతో పనే లేదు.

నా కాలు జారింది. బూటు పట్టీకీ గోడకూ మధ్య ఇరుక్కుంది, ఒళ్లు తలకిందులైంది, భుజం పట్టు తప్పింది. పిస్తోలు కిందికి పోయింది, అది పడిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. అప్పుడే పైన మోటారు గర్రుమంది. వాచ్‌మన్ వేరే స్విచ్చు తీశాడు. ఎవరో మీట నొక్కారు. పైనుంచి లిఫ్టు దిగుతోంది.

అరిచాను. ఏమని అరిచానో తెలియదు. వాడు కింద ఒక అంతస్తు తలుపు దగ్గర ఉన్నాడు. దాన్ని తోసుకుని బయటికి వెళ్లిపోవచ్చు. ఆగాడు. పైకి ఎక్కడం మొదలుపెట్టాడు.

"కదలకండి మేడం. నేను పట్టుకున్నా. బూటు వదిలెయ్యండి."

లేసు తెంపాడు. నా మెడ కింద చెయ్యి వేసి, నన్ను తన మీదికి లాక్కుని, గోడకు అదిమి పట్టుకుని ఆ తలుపు దాకా దించాడు. రెండో చేత్తో తలుపు గొళ్లెం కోసం తడుముతున్నాడు. "తలుపు తెరిస్తే లిఫ్టు ఆగిపోతుంది. తెరిస్తే చాలు" అంటున్నాడు. నేను ఊపిరాడక వాడి చెయ్యి పట్టుకుని లాగుతున్నాను.

తలుపు బయటినుంచి తెరుచుకుంది. ఎస్సై. నా అరుపు విని వచ్చాడు. వెలుతురులో అతనికి కనబడింది ఒకటే, వాడి చెయ్యి నా మెడ చుట్టూ ఉంది.

కాల్చాడు.

ఆ చప్పుడుతోపాటే, వదినా, డ్రైవరు ఏం చూశాడో నాకు కనబడింది. బురద నీళ్లలో, కిటికీలోంచి. వాడి చేతులు, అన్నయ్య మెడ. ఇప్పుడు వాడి చెయ్యి, నా మెడ. మధ్యలో ఏం జరుగుతోందో చూసినవాడికి తెలియదు. ఎవరికీ తెలియదు.

మమ్మల్నిద్దర్నీ బయటికి లాగారు. వాడి తల నా ఒళ్లో ఉంది. కళ్లు నన్ను వెతుకుతున్నాయి, అందడం లేదు. "లిఫ్టు ఆగిందా?" అన్నాడు. ఆగింది అన్నాను. మా తలలు ఉన్నచోటికి జానెడు ఎత్తులో ఆగి ఉంది. 

ఎస్సై నీళ్లు తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "మీకేం కాలేదు కదా మేడం? సమయానికి వచ్చాను" అన్నాడు. గ్లాసు తీసుకుని తాగాను. 

నీ పిడుగు

*

కళ్లద్దాల షాపు

పిడుగూ,

నీ ఉత్తరం చదివాను. వచ్చినవాళ్లు వచ్చి వెళ్లిపోయారు. ఎవరికి ఏం చెప్పానో తెలియదు.

నీ ప్రాణం దక్కింది. ముందు ఆ మాటే అనుకున్నాను. వెంటనే వాడి ముక్కులోంచి కారిన రక్తం గుర్తొచ్చింది. నన్ను అద్దాలు అడగని మనిషి వాడు. అడగకుండానే ఇచ్చాను. అవి ఉండబట్టే ఆ డాబా మీద తప్పించుకున్నాడు, అవి లేకపోతే అక్కడే పట్టుబడి ఉండేవాడేమో, బతికి ఉండేవాడేమో. నేను మంచి చేశానో చెడు చేశానో ఆలోచిస్తుంటే బుర్ర తిరిగిపోతోంది.

ఇవాళ షాపు మూసి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాను. వాడు వచ్చిన సంగతీ, చెప్పిన సంగతీ, నేను చేసి ఇచ్చిన సంగతీ అంతా చెప్పాను. గుమాస్తా రాసుకుంటూ మధ్యలో ఆగి, "అమ్మా, మీరు చనిపోయిన ఆఫీసరు గారి భార్యే కదా?" అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. కేసు నడుస్తుందన్నారు. పూచీ మీద ఇంటికి పంపారు.

ఆ అద్దాలు నువ్వు జేబులో ఉంచుకోకు. నా కోసం ఇంకో అబద్ధం చెప్పకు. వెళ్లి ఇచ్చెయ్యి.

మీ వదిన

*

వంతెన కింద, పోలీసు గుడారం

వదినా,

అద్దాలు ఇచ్చేశాను. ఎందుకు దాచానో కూడా రాసి ఇచ్చాను. నా మీద విచారణ ఉంటుంది. ఉండాలి.

ఇవాళ వ్యాను తీశారు. నీళ్లు మోకాళ్ల లోతుకు తగ్గాయి. క్రేను లాగుతుంటే చాలాసేపు బురద వదల్లేదు. డ్రైవరు కూడా వచ్చి గట్టున నిలబడ్డాడు. వెనక తలుపు కోశాక ముందు నేనే ఎక్కాను. ఎక్కొద్దన్నారు, ఎక్కాను.

ముసలాయన బెంచీ పక్కనే ఉన్నాడు. అక్కడి సంగతి ఎక్కువ రాయను. కుడి చేతి బేడీ విప్పి ఉంది. ఎడమ చేతిది విప్పలేదు. దాని తాళంలో చెవి ఉంది. చెవికి గుత్తి వేలాడుతోంది. అన్నయ్య గుత్తి.

వదినా, సగం తిప్పి ఉంది.

 ఎవరో బయటికి దించారు. డ్రైవరుకు చెప్పాను. అతను నా ముఖం వైపే చూస్తూ, "పీక నొక్కుతున్నాడనే అనుకున్నానమ్మా. ఒట్టు. అలాగే కనబడింది" అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదు. చూసిందే చెప్పావు" అన్నాను. గట్టు మీద మట్టిలో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఎస్సైకి కూడా ఇవాళే చెప్పాను. ఆసుపత్రిలో చెప్పలేకపోయాను. "ఆ లిఫ్టు సొరంగంలో వాడు మిమ్మల్ని పొడుస్తున్నాడా, పీక నొక్కుతున్నాడా, ఏం చేస్తున్నాడు మేడం?" అని నన్నే అడిగాడు. రిపోర్టులో రాయాలట. "నన్ను కాపాడుతున్నాడు" అన్నాను. నవ్వాడు మొదట. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మీరు కాల్చమన్నారు కదా" అన్నాడు. అవును, నేనే కాల్చమన్నాను. అదే రాశాను. పాతికేళ్లు కూడా లేని పిల్లవాడు, దీన్ని ఎలా మోస్తాడో.

పై ఆఫీసర్ పిలిచారు. "వాడి చేతిలో ప్రాణాలొదిలాడని మీ అన్న ఫోటో హాల్లో పెట్టాం. ఇప్పుడు ఖైదీకి బేడీలు విప్పి వదిలాడని రాస్తే పేరు ఏమవుతుంది? ఆలోచించు తల్లీ" అన్నారు. నా మంచికే అన్నారు. నేను కాగితం ఆయన ముందు పెట్టాను. అన్నయ్య వాణ్ణి వదల్లేదు సార్, బతికించాడు, రెండోవాణ్ణి బతికించబోయి చచ్చిపోయాడు, ఉన్నది ఉన్నట్టు రాశాను అన్నాను. ఆయన చాలాసేపు చదివి సంతకం చేశారు.

నీ ఉత్తరంలో వాడు చెప్పిన మాట నేను నమ్మి ఉంటే, వదినా? యార్డులో అరిచే ముందు ఒక్క మాట అడిగి ఉంటే?

నీ పిడుగు

*

కళ్లద్దాల షాపు, వెనక గది

పిడుగూ,

సగం తిప్పి ఉందని రాశావు. ఆ ఒక్క మాట చదివి కాగితం పక్కన పెట్టేశాను. మిగతాది మర్నాడు చదివాను.

  వాడు దుంగ వదలకుండా ఉండి ఉంటే అని నేనూ అనుకుంటున్నాను. వాడు నీ కోసం పైకి ఎక్కాడని కూడా అనుకుంటున్నాను. రెండూ ఒకే మనిషి. నాకు వాణ్ణి తిట్టడమూ రావడం లేదు, దండం పెట్టడమూ రావడం లేదు.

ఇవాళ ఒకావిడ వచ్చింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనట, మెడలో ఇంకా టేపు వేలాడుతోంది. పవర్ పరీక్షకు కుర్చీ లాగితే కూర్చోకుండా, "నేను ఆ ముసలాయన కూతుర్నండీ" అంది. ఏ ముసలాయన అని అడగబోయి ఆగాను.

ఇన్నాళ్లూ పేపర్లలో 'మరో ఖైదీ' అని మాత్రమే రాశారట. రోజూ పని మానుకుని వంతెన దగ్గరికి వెళ్లి వ్యాను ఎప్పుడు తీస్తారని అడిగేదట. నీళ్లు తగ్గాక అనేవారట. "మా నాన్న మంచివాడేం కాదమ్మా. భూమి తగాదాలో సొంత తమ్ముడి మీదికే గొడ్డలి ఎత్తాడు. నేను జైలుకు చూడ్డానికి కూడా వెళ్లలేదు. కానీ గొలుసులతో, ఆ నీళ్లలో..." అంది. నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడింది.

"అక్కడ ఒక ఇన్‌స్పెక్టరమ్మ, భుజానికి కట్టుతో ఉన్నావిడ, మీ షాపుకు వెళ్లి అడగమంది. మీకే తెలుస్తుందంది" అంది.

నువ్వు పంపావని అప్పుడు అర్థమైంది. ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదేం?

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, నా ముఖంలోకి సూటిగా చూసి అడిగింది.

"చివర్లో మా నాన్న దగ్గర ఎవరైనా ఉన్నారా అమ్మా?"

ఇన్నాళ్లలో మీ అన్నయ్య గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు పిడుగూ. అందరూ ఓదార్చారు, అంతే. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఉన్నారమ్మా" అన్నాను. "మా ఆయన ఉన్నారు."

మీ వదిన